‘థోల్’, ‘తుల’ అక్కచెల్లెళ్లు, తల్లీకూతుళ్లు కాదు

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లిష్ మాటలన్నీ సంస్కృతం నుంచే పుట్టాయంటూ వాట్సాప్‌లో జాబితాలు తెగ తిరుగుతున్నాయి. పిల్లలు నమ్మేస్తున్నారు, అదే నా బాధ. అసలు సంగతి దానికంటే ఎంతో బాగుంటుంది, ఒక్క మాట పట్టుకుని చెప్తాను.

ఇంగ్లిష్‌లో ‘థోల్’ అనే క్రియ ఉంది. ఓర్చుకోవడం, భరించడం అని అర్థం. లండన్‌లో చాలామందికి తెలియకపోవచ్చు గానీ స్కాట్లండ్‌లో, ఉత్తర ఐర్లండ్‌లో ఇంకా బతికే ఉంది. పాత ఇంగ్లిష్‌లో దీని రూపం ‘థోలియన్’, వెయ్యేళ్ల నాటి ‘బేవుల్ఫ్’ కావ్యంలోనూ కనిపిస్తుంది. ఆ కావ్యాన్ని అనువదించిన కవి షేమస్ హీనీ, తన ఊళ్లో పెద్దగా చదువుకోని పెద్దవాళ్లు వాడే మాటే అందులో ఉందని గుర్తుపట్టి ఎంత కదిలిపోయాడో 1999లో వచ్చిన ఆ పుస్తకం ముందుమాటలోనే రాశాడు. స్కాట్లండ్ కోర్టుల్లో కూడా, ఒకసారి విచారణ ఎదుర్కొన్న మనిషిని అదే నేరానికి మళ్లీ విచారించకూడదనే వాదనకు వాడేది ఈ మాటే.

దీని చుట్టాలు చూడండి. జర్మన్‌లో ఓర్పును ‘గెడుల్డ్’ అంటారు. లాటిన్‌లో ‘తోలెరారె’, మనం రోజూ అనే ‘టాలరేట్’ అందులోంచే వచ్చింది. సంస్కృతంలో ‘తుల’, అంటే త్రాసు. వీటన్నిటికీ మూలం, ఈ భాషలన్నిటికీ తల్లి అయిన ఒక పాత భాషలో ఎత్తడం, మోయడం అనే అర్థమున్న ఒకే ధాతువు. మోసేవాడు ఓర్చుకుంటాడు, ఎత్తి చూస్తే బరువు తెలుస్తుంది, అలా ఒకచోట ఓర్పు, ఇంకోచోట తూకం అయింది. బంగారం షాపులో మనం అడిగే తులం, గుళ్లో ఇచ్చే తులాభారం ఈ వంశానివే.

మరి ‘థోల్’ సంస్కృతం నుంచి వెళ్లలేదని ఎలా చెప్పగలం? సంస్కృతంలో ‘త్రి’, లాటిన్‌లో ‘త్రేస్’, ఇంగ్లిష్‌లో ‘థ్రీ’. మొదట్లో ‘త’ ఉన్నచోట ఇంగ్లిష్‌లో ‘థ’ రావడం ఒక క్రమం, జర్మన్ భాషా పండితుడు యాకబ్ గ్రిమ్ 1822లో వివరించింది ఇదే. ఎవరో ఎవరి దగ్గరో తెచ్చుకున్న మాటలైతే ఇంత వరసగా మారవు. ఇక మన తెలుగు వేరే కుటుంబం, ఆ సంగతి 1816లోనే మద్రాసులో ఎల్లిస్ అనే ఇంగ్లిష్ అధికారి చూపించాడు, ‘తుల’ను మనం సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. పశువుల్ని ‘తోలడం’ వినడానికి ‘థోల్’కి ఇంకా దగ్గరగా ఉంటుంది, కానీ ఆ రెంటికీ ఏ సంబంధమూ లేదు.

మీ ఆదివారం సంచికలో మాటల పుట్టుక గురించి వేసేటప్పుడు దయచేసి ఈ ధ్వనుల లెక్క కూడా చూపించండి, పిల్లలకు అర్థమయ్యేలా.

– ఒక పాఠకుడు