ఒక్క ఫ్లాషూ, ఒక బియ్యం సంచీ

డాలస్, ఆదివారం రాత్రి

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్లో మీరడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. నేను పంపిన ఫోటో చూసి "ఆరుబయట ఒక్క ఫ్లాష్‌తో ఎనిమిదిమందా? చివర నిలబడ్డవాళ్ళు ఎలా వచ్చారే?" అన్నారు. ఈలోగా అమ్మ ఫోన్ లాక్కుని ఆవకాయ పార్సిల్ సంగతి ఎత్తింది. అందుకే ఉత్తరం. ఫోటో ప్రింటు తీయించి ఇందులోనే పెట్టాను. వాట్సాప్‌లో చూసి మార్కులు వేయకండి, దీన్ని కిటికీ దగ్గర పట్టుకుని చూడండి.

వెనకాల నీలంగా కనిపిస్తున్నది చెరువు కాదు, పూలు. బ్లూబానెట్ అంటారు. 1901 నుంచి టెక్సస్ రాష్ట్ర పుష్పం ఇదే. మొక్క మోకాలు దాటదు, మన పెసర, కంది కుటుంబమే. కాయ విప్పి చూస్తే మీరే చెబుతారు. డాలస్‌కి దక్షిణంగా ఓ యాభై కిలోమీటర్ల పైన ఎన్నిస్ అనే ఊరుంది, ఏప్రిల్లో ఆ చుట్టుపక్కల పచ్చికబయళ్ళన్నీ ఇలాగే ఉంటాయి. ఇక్కడివాళ్ళు ఏటా పిల్లల్ని ఆ పూలల్లో కూర్చోబెట్టి ఫోటో తీసుకుంటారు. మనవాళ్ళూ పట్టుకున్నారు ఆ ఆనవాయితీ, పట్టులంగాలతో సహా. కింద చీమలుంటాయి నాన్నగారూ, మన కండచీమలు వీటి ముందు సాధువులు. కాబట్టి ముందు దుప్పటి, తర్వాతే కెమెరా.

ఈ కుటుంబానిది కరీంనగర్ వైపు. ఇద్దరన్నదమ్ములు, ఇద్దరు తోడికోడళ్ళు, ఇద్దరు పిల్లలు, ఊరినుంచి వచ్చిన తాతగారు, నానమ్మగారు. ఆర్నెల్లు అయిపోయింది, వచ్చేవారం పెద్దవాళ్ళ ప్రయాణం. ఇక్కడ నన్ను పిలిచేవాళ్ళలో సగంమంది ఇలా ప్రయాణం ముందే పిలుస్తారు. మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు, పిల్లలకి నిద్రవేళ దాటుతుందని. నేను ఏడింటికి అన్నాను. ఇక్కడ ఈ రోజుల్లో పొద్దుగూకేసరికి ఎనిమిదవుతుంది. పాలకొల్లులో క్షీరారామం గోపురం ముందు ఫోటో కావాలని వచ్చినవాళ్ళతో మీరనేవారు చూడండి, "పొద్దున్నే వస్తే కళ్ళు చిట్లిస్తారు, సాయంత్రం రండి, మొహానికి వెలుతురు నేనిస్తాను" అని. అదే మాట వీళ్ళకీ చెప్పాను, తెలంగాణ యాసలో కాస్త తడబడుతూ.

నిజానికి నాకు వేరే దారి కూడా లేదు. మీ పాత యాషికా మ్యాట్ కెమెరాలో షట్టర్ లెన్సులోనే ఉంటుంది కాబట్టి సెకనులో 1/500 వంతు వేగం దగ్గరా ఫ్లాష్ పనిచేసేది. లక్షలు పోసి కొన్న నా కెమెరా ఫ్లాష్ పెట్టి 1/200 దాటితే ఫ్రేములో కొంతమేర నల్లటి పట్టీ వేస్తుంది. ఆ వేగం దాటినా ఫ్లాష్ పనిచేసేలా హైస్పీడ్ సింక్ అని ఒకటుంది, కానీ దాంతో ఫ్లాష్ బలం సగానికి సగం పైగా పోతుంది. మండుటెండలో ఐఎస్‌ఓ, అదే మీ ఫిల్ము వేగం, 100, షట్టర్ 1/200 అంటే లెన్సు కన్ను బాగా మూసి ఎపర్చరు 11 పెట్టాలి. గొడుగులోంచి వచ్చే చిన్న ఫ్లాష్ మొత్తం బలం పెట్టినా ఆ 11కి అందాలంటే మనిషికి అయిదడుగుల దూరంలో ఉండాలి. అయిదడుగుల వెలుతురులో ఎనిమిదిమందిని ఎలా కుక్కను? ఫ్లాష్ బలం చెప్పే గైడ్ నంబర్‌ని దూరంతో భాగించి ఎపర్చరు కట్టడం నాకు నేర్పింది మీరే, ఎక్కాలకంటే ముందు. స్టూడియోలో ఆ ఫ్లాష్ వెనక పట్టిక చూపించి "పదడుగులకి ఎంతే?" అని అడిగేవారు, తప్పు చెబితే ఆ పూట సోడా లేదు.

ఎండ మెత్తబడ్డాక ముందు ఫ్లాష్ లేకుండా ఆకాశానికి కొలత చూసుకున్నాను. ఆకాశం కాస్త ముదురుగా వచ్చేలా ఐఎస్‌ఓ 200, ఎపర్చరు 5.6, షట్టర్ 1/200. మొహాలు నల్లగా ఉన్నాయి, ఉండనీ. అప్పుడు సగం బలంతో ఫ్లాష్, తెల్లగొడుగు. వెనక ఆకాశం నారింజరంగుకి తిరుగుతుంటే ముందు మొహాలు ట్యూబ్‌లైట్ కింద ఉన్నట్టు కనపడకూడదు కదా, ఫ్లాష్ మూతికి నారింజరంగు జెల్, అదే రంగు కాగితం లాంటిది, అంటించాను.

మొదటి నాలుగు ఫోటోలూ పాడు చేశాను. మీరుంటే నెత్తిన మొట్టేవారు. వెలుతురు మెత్తగా ఉంటుందని గొడుగు ఎడమపక్క బాగా దగ్గరగా పెట్టాను. ఆ చివరున్న చిన్న కోడలికి అయిదడుగులు, ఈ చివరున్నవాళ్ళకి పదడుగులు. దూరం రెట్టింపైతే వెలుతురు పావువంతే. చిన్న కోడలు పెళ్ళికూతురిలా వెలిగిపోయింది. ఈ చివర ఎవరున్నారో చెప్పనా? నానమ్మగారు. తాతగారిని కుర్చీ వేసి మధ్యలో కూర్చోబెట్టారు. ఆవిడని పక్కన కూర్చోమంటే "నాకెందుకు బిడ్డా, పోరగాళ్ళను నిలవెట్టు" అంటూ జరిగి జరిగి అంచుకెళ్ళిపోయింది. తెరమీద చూస్తే ఆవిడ మొహం ఉన్నచోట చీకటి, ముక్కుపుడక ఒక్కటే మెరుస్తోంది.

చిన్నప్పుడు కాలవగట్టు మీద నాకు తీగ కట్టిన ఫ్లాష్ పట్టించి నిలబెట్టినప్పుడు మీరు నా వైపు చూడకుండానే అరిచేవారు, "దగ్గరివాళ్ళ మీద కాదే, దూరంవాళ్ళ మీదకి తిప్పు!" అని. అప్పట్లో అది తిట్టనుకున్నాను. స్టాండు వెనక్కి లాగి, దాదాపు కెమెరా పక్కకి తెచ్చి, ఎత్తు పెంచి, గొడుగు మధ్యలోకి కాకుండా నేరుగా నానమ్మగారి వైపు తిప్పాను. దగ్గరివాళ్ళకి అంచు వెలుతురు, ఆవిడకి నడిమి వెలుతురు. ఎత్తు పెంచడంవల్ల తాతగారి కళ్ళజోడులో మెరుపు కూడా పోయింది. ఆయన కళ్ళజోడు తీయనన్నారు, తీయమనడం నాకూ ఇష్టం లేదు. ఊళ్ళో అందరూ ఆయన్ని చూసింది దాంతోనే కదా. గడ్డం రవ్వంత దించమన్నానంతే. పట్టుచీరల జరీ మాత్రం వెలుతురు ఎక్కువై ఫోటోలో అక్కడక్కడ తెల్లగా కాలింది, మీ కన్ను ముందు అక్కడికే పోతుందని తెలుసు.

ఇక గాలి. టెక్సస్ ఏప్రిల్ గాలికి గొడుగు తెరచాపే. పోయినేడాది స్టాండుకి బరువు కట్టడం మర్చిపోయాను, పడి ఫ్లాష్ మెడ విరిగింది. తప్పంతా నాదే. ఈసారి మీ అల్లుణ్ణి కాపలా పెట్టి, ఇంట్లోంచి తెచ్చిన సోనామసూరి సంచి, తొమ్మిది కిలోలది, స్టాండు కాళ్ళమీద వేశాను. తాతగారు చూసి "ఫోటోలకు బియ్యమెందుకు, పూజ చేస్తరా?" అన్నారు. అందరూ నవ్వారు. నానమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి ఆగిపోయింది. అప్పుడు నొక్కాను. మీ చేతిలో ఉన్నది అదే. ఆ తర్వాత ఇంకో ముప్పై తీశాను, ఫ్లాష్‌కి ఎవరో ఒకరు కళ్ళు మూస్తారని. ఒక్కటీ దీనికి సాటి రాలేదు.

మీ అల్లుడు స్టాండు బాగానే పట్టుకుంటాడు కానీ తిప్పమన్న వైపుకి తిప్పడు, నావైపు చూస్తుంటాడు. అరవడానికి మొహమాటం. మీకా ఇబ్బంది ఉండేది కాదు.

యాషికాని బీరువాలో అలాగే వదిలేయకండి. నెలకోసారి బయటికి తీసి అన్ని వేగాల్లోనూ ఉత్తినే నొక్కండి, నెమ్మది వేగాలు బిగుసుకుపోతాయి. దసరాకి వచ్చినప్పుడు దాంతో మిమ్మల్నీ అమ్మనీ గోపురం ముందు తీస్తాను, సాయంత్రంపూట. అమ్మ అంచుకి జరుగుతుంది, ఇప్పట్నుంచే చెప్పి ఉంచండి.

బియ్యం సంచి ఇంకా కారు డిక్కీలోనే ఉంది. డబ్బాలో ఇవాళ్టికే సరిపోయాయి, పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోవాలి.

మీ అమ్మాయి