ఆ రెండు ఫొటోల నడుమ

సంపాదకులకు,

గత ఆదివారం మీ అనుబంధంలో బరువు తగ్గించే శస్త్రచికిత్స మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇరవై ఆరేళ్లుగా నాది అచ్చుతప్పులు దిద్దే పని. చేతిలో పెన్సిలు లేకుండా పత్రిక చదవడం నాకు చేతకాదు. ఆ వ్యాసంలో ఒక వాక్యం కింద గీత గీశాను: 'మూడో రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు, రెండు వారాల్లో మామూలు పనుల్లో పడిపోవచ్చు.' ఇందులో అక్షరదోషం లేదు. అబద్ధమూ లేదు. నేనూ మూడో రోజే ఇంటికి వచ్చాను. అయితే ఆ కామాకు ఇటున్న మాటకూ అటున్న మాటకూ మధ్య రోగి ఏమేం పడుతుందో వ్యాసంలో ఎక్కడా లేదు. పక్కన ఫొటోలు రెండు వేశారు, ఆపరేషన్‌కు ముందు ఒకటి, తర్వాత ఒకటి. వాటి నడుమ అర అంగుళం తెల్లకాగితం వదిలారు. ఈ ఉత్తరం ఆ అర అంగుళం గురించి.

నాకు నలభై తొమ్మిదేళ్లు. పదకొండు నెలల కిందట స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. ఎత్తు 158 సెంటీమీటర్లు, అప్పటి బరువు 118 కిలోలు. ఈ ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని నిలువునా కోసి సుమారు 80 శాతం తీసేస్తారు. మిగిలింది సన్నటి గొట్టంలా ఉంటుంది. పైకి చూస్తే పొట్ట మీద అయిదు చిన్న గాట్లు, అంతే. పలకరించడానికి వచ్చినవాళ్లు ఆ అయిదు గాట్లూ చూసి 'ఇంతేనా!' అన్నారు. లోపల ఎంత పొడవున కుట్టు పడిందో, అదెంత వాచి ఉందో వాళ్లకు కనబడదు కదా.

మొదటి రాత్రి వికారానికి కారణాలు అందరూ చెప్పేవే. మత్తుమందు కొంత, నొప్పి తెలియకుండా ఇచ్చే మార్ఫిన్ తరహా మందులు కొంత, వాచిన జీర్ణాశయం కొంత. నేను ఎదురుచూడనిది భుజం నొప్పి. కోసింది పొట్టలో అయితే లాగేది భుజమేమిటని నర్సును అడిగాను. లాపరోస్కోపీ కోసం, అంటే చిన్న గాట్లలోంచి కెమెరా పంపి చేసే ఆపరేషన్ కోసం, పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ నింపుతారని, అందులో మిగిలిపోయిన కాస్త వాయువూ ఊపిరితిత్తుల కింది పొరను ఒరుసుకుంటే మెదడు దాన్ని భుజం నొప్పిగా పొరబడుతుందని ఆమె చెప్పింది. మెదడు కూడా తప్పు చదువుతుందని తెలిసి, నా వృత్తి కారణంగా కావచ్చు, కాస్త ఊరట కలిగింది. దానికి నడకే మందు. సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు తిరిగాను. రెండు రోజుల్లో పోయింది.

వికారం మాత్రం నాతోపాటు ఇంటికి వచ్చింది.

ఇంట్లో నాకు అప్పగించిన పని ఒక్కటే, నీళ్లు తాగడం. వినడానికి ఇంతకంటే తేలికైన పని ఉంటుందా? 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న కొలతగిన్నె ఇచ్చి, పావుగంటకొకటి చొప్పున, అదీ ఒక్క గుక్కలో కాకుండా చప్పరిస్తూ తాగమన్నారు. మెలకువగా ఉన్న పదమూడు గంటలూ అలా తాగగలిగితే లీటరున్నర దాటుతుంది. తొలిరోజు నాకు దిగినవి పదకొండు గిన్నెలు. గుక్క కొంచెం పెద్దదైతే చాలు, రొమ్ము ఎముక వెనక ఎవరో పిడికిలి పెట్టి నొక్కినట్టు ఉండేది. ఒక పాత నోటుపుస్తకంలో గిన్నెకొక గీత పెట్టుకున్నాను. తిరిగి బయటికి వచ్చేసిన గిన్నె గీత మీద మా వృత్తిలో వాడే తొలగింపు గుర్తు వేసేదాన్ని. ఆ పుస్తకం ఇప్పటికీ ఉంది. మొదటి వారం పేజీలు చూస్తే పరమ చెత్త రచయిత రాతప్రతిలా ఉంటాయి.

ఇందులో ఒక ముడి ఉంది. ఒంట్లో నీరు తగ్గితే వికారం పెరుగుతుంది. వికారం పెరిగితే నీరు దిగదు. దానికి తోడు ఆకలి పుట్టించే ఘ్రెలిన్ అనే హార్మోను చాలావరకు తయారయ్యేది జీర్ణాశయంలో కోసి తీసేసిన ఆ పై భాగంలోనే. అందువల్ల ఆకలి వచ్చి తట్టి లేపడమూ ఉండదు. మా అమ్మాయి ఫోనులో పావుగంటకోసారి గంట మోగేలా పెట్టింది. రెండో రోజుకే ఆ గంట వింటే డోకు వచ్చేది. స్వరం మార్చాం.

నాకు పనికొచ్చినవి చెబుతాను, అందరికీ పనికొస్తాయని కాదు. చన్నీళ్లు అస్సలు పడలేదు, గోరువెచ్చటివి పడ్డాయి. ఇంకొకరికి తిరగబడవచ్చు. ప్రోటీన్ పొడి తీపి నోట్లో పెట్టుకోగానే గొంతు బిగుసుకునేది. రెట్టింపు నీళ్లు కలిపి, మూత ఉన్న కప్పులో పోసి వాసన తగలకుండా తాగితే దిగింది. వంటగది తలుపు మూయించాను. మాత్రలన్నీ ఒకేసారి వేసుకునే అలవాటు మానేసి గంటకొకటి వేసుకున్నాను. వికారానికి నాలుక మీద కరిగే ఒండాన్‌సెట్రాన్ మాత్ర ఇచ్చారు. ముదిరాక కాకుండా మొదలవుతున్నప్పుడే వేసుకుంటే బాగా పనిచేసింది. దానివల్ల మలబద్ధకం వస్తుందని, మలబద్ధకం వల్ల మళ్లీ కడుపులో తిప్పుతుందని నాలుగు రోజులు అవస్థపడి నేనే అడిగి తెలుసుకున్నాను.

ఆసుపత్రిలోని పోషకాహార నిపుణురాలు తొలివారం ఫోను చేసి ఒక ప్రశ్న అడిగింది. 'మీకు వస్తున్నది వికారమా, డోకా, వాంతా?' ఆవిడ మా వృత్తిలోకి రావలసిన మనిషి. మనం మూడింటినీ ఒక్కటిగానే వాడేస్తాం. నిజానికి ఇవి మూడు వేరు వేరు కబుర్లు. నోట్లో నీళ్లూరి కడుపులో తిప్పితే వికారం. చాలాసేపు ఖాళీగా ఉన్నానని గాని, ఏదో మందు పడలేదని గాని అర్థం. లోపల ఏమీ లేకపోయినా పొట్ట ఎగదన్నితే డోకు. అప్పుడు కుట్లు పట్టుకుని కూర్చోవాలి. తాగింది తాగినట్టు తిరిగి వస్తే వాంతి. ఇక నాలుగోది ఒకటుంది. తొందరగా మింగితే అడ్డుపడి, నోటి నిండా తెల్లటి జిగట నురగ ఊరుతుంది. నా దగ్గరున్న నిఘంటువుల్లో దానికి పేరు దొరకలేదు. మా ఇంట్లో సబ్బునురగ అన్నాం. 'ఇవాళ రెండు వికారాలు, ఒక సబ్బునురగ' అని చెబితే ఆవిడకు వెంటనే అర్థమయ్యేది. 'ఒంట్లో బాగాలేదు' అంటే ఏ వైద్యుడికైనా ఏం అర్థమవుతుంది?

ఇంత పట్టింపు ఉన్నదాన్ని అసలు అవసరం వచ్చినప్పుడు తప్పు రాశాను.

పదిహేనో రోజున పలుచటి ద్రవాల నుంచి మెత్తగా రుబ్బిన ఆహారానికి మారాను. అప్పటికి వికారం చాలా తగ్గింది. ఆ వారం నుంచే వాంతులు మొదలయ్యాయి. రెండు చెంచాలు లోపలికి పోగానే పిడికిలి బిగుసుకునేది, పావుగంటకు బయటికి వచ్చేది. రోజుకు మూడు సార్లు, నాలుగు సార్లు. ఫోనులో అడిగినవాళ్లకు 'కాస్త వికారంగా ఉంది' అని చెప్పాను. ఎందుకలా చెప్పానంటే సిగ్గు. ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను లోకం జబ్బుపడినవాళ్లలో లెక్కవేయదు, నోరు కట్టుకోలేక అడ్డదారి తొక్కినవాళ్లుగా చూస్తుంది. కోరి తెచ్చుకున్న దానికి మూలగడమెందుకని మనకే అనిపిస్తుంది. నా తోడబుట్టిన అక్క మంచం పక్కన కూర్చుని, ప్రేమగానే, 'నిన్నెవరు చేయించుకోమన్నారే' అంది. ఆ తర్వాత ఆవిడకు కూడా చెప్పడం మానేశాను.

అందరూ అన్న మాట ఒకటే, 'సర్దుకుంటుంది'. ఆ క్రియకు కర్తా లేదు, గడువూ లేదు.

ఇరవై ఏడో రోజు పొద్దున ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి వరుసా రెండుగా కనిపించింది. అచ్చు రెండుసార్లు పడిందనుకుని కాగితం పక్కన పెట్టి ఇంకొకటి తీశాను. అదీ అంతే. ఒక కన్ను మూస్తే వరుస ఒక్కటైంది. తప్పు కాగితంలో లేదు. లేచి గదిలోకి వెళుతుంటే మా అమ్మాయి, 'అమ్మా, గోడ పట్టుకుని నడుస్తున్నావెందుకు?' అంది. పట్టుకున్నానని నాకు తెలియదు.

అత్యవసర విభాగంలో నీరసంగా ఉన్నానని గ్లూకోజు ఎక్కించబోయారు. చిన్న వయసు డాక్టరమ్మాయి ఒకతె వచ్చి రెండే ప్రశ్నలు వేసింది. ఆపరేషన్ ఎన్నాళ్లయింది, వాంతులు ఎన్నాళ్లుగా? నాలుగు వారాలు, పన్నెండు రోజులు అన్నాను. వెంటనే గ్లూకోజు ఆపించి, ముందు థయమిన్, అంటే బి1 విటమిన్, నరంలోకి ఇప్పించింది. శరీరంలో దాని నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. తిన్నది నిలవకపోతే అడుగంటిపోతుంది. గ్లూకోజును వాడుకోవడానికి శరీరానికి థయమిన్ కావాలి. అది లేని ఒంట్లోకి ముందుగా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన నాలుగు చుక్కలూ ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది. కార్ల్ వెర్నికీ అనే జర్మన్ వైద్యుడు 1881లోనే వర్ణించిన జబ్బు ఇది. కళ్లకు రెండుగా కనిపించడం, నడక తూలడం, మనసు గందరగోళపడటం దాని గుర్తులు. మూడూ కలిసి రావాలని లేదు. నాకు మూడోది రాలేదు. లేక వచ్చినా నేను గమనించలేదేమో, మా అమ్మాయి సమాధానం చెప్పకుండా నవ్వుతుంది.

మర్నాడు సాయంత్రానికి వరుసలు ఒక్కటయ్యాయి. నడక కుదురుకోవడానికి మరికొన్ని వారాలు పట్టింది. వాంతులకు అసలు కారణం ఎండోస్కోపీలో తెలిసింది. కొత్త గొట్టం వంపు తిరిగే చోట ఇరుకైంది. బుడగ పంపి వెడల్పు చేశారు, రెండు వారాల తర్వాత మరోసారి చేశారు. అక్కడితో నా నోటుపుస్తకంలో తొలగింపు గుర్తులు ఆగిపోయాయి.

నాకు ఆపరేషన్ చేసిన డాక్టరు మీద ఫిర్యాదు లేదు. ఆయన కుట్టు బాగుంది. నా ఫిర్యాదు ఇంటికి పంపేటప్పుడు చేతికిచ్చిన మూడు పేజీల కాగితం మీద. గాయం ఎలా తుడవాలో అందులో తొమ్మిది వరుసలున్నాయి, లెక్కపెట్టాను. వాంతి గురించి ఉన్నది ఒక్క వరుస: 'వాంతులు అధికమైన యెడల సంప్రదించగలరు.' ఎన్నయితే అధికం? ఎన్నాళ్లయితే? మీ వ్యాసంలో ఆ ఒక్క వరుసా లేదు.

మళ్లీ ఈ విషయం మీద ఏదైనా వేసేటప్పుడు, ఆ రెండు ఫొటోల నడుమ తెల్లకాగితంలో చిన్న అక్షరాలతోనైనా సరే, ఇవి అచ్చువేయండి. తొలి రోజుల్లో వికారం చాలామందికి ఉంటుంది, దానంతట అది రోజురోజుకూ తగ్గాలి. తగ్గి మళ్లీ పెరిగితే అది వేరే కబురు. ఒక రోజంతా నీళ్లు నిలవకపోతే, మూత్రం ముదురురంగుకు తిరిగి తగ్గిపోతే మర్నాటి దాకా ఆగవద్దు. కదలకుండా పడుకున్నా గుండె దడదడలాడుతూ, జ్వరమో ముదిరే నొప్పో తోడైతే లోపలి కుట్టు దగ్గర కారుతోందేమో చూడాలి, అది గంటల మీద తేల్చవలసిన సంగతి. వాంతులు కొద్ది రోజులకు మించి సాగితే థయమిన్ అని పేరు పెట్టి అడగాలి, గ్లూకోజు కంటే ముందే ఇవ్వమనాలి. చూపు రెండుగా కనిపిస్తే ఆ గంటలోనే బయలుదేరాలి. రోగికి అప్పుడు ఇవన్నీ గుర్తుండవు కాబట్టి ఇంట్లో ఇంకొకరు చదివి ఉండాలి.

ఇదంతా చదివి ఎవరైనా భయపడి ఆపరేషన్ మానుకుంటే అది నా ఉద్దేశం కాదు. ఇప్పుడు నా బరువు 81 కిలోలు. మెట్లు మధ్యలో ఆగకుండా ఎక్కుతున్నాను. నీళ్లు ఇప్పటికీ భోజనంతో కలిపి తాగను, అరగంట ఆగుతాను. గ్లాసెత్తి గటగటా తాగినట్టు అప్పుడప్పుడు కల వస్తుంది. నా 'తర్వాత' ఫొటో కూడా మీరు వేసినదాని కంటే తీసిపోదు, అడిగితే పంపను గాని.

పెన్సిలు ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి ఇంకొక్కటి. అదే వ్యాసం మూడో కాలమ్, రెండో పేరాలో 'ఉదరం' అని ఉండవలసిన చోట 'ఉదారం' అని పడింది.

ఇట్లు,
ఒక ప్రూఫ్ రీడర్