ఈలీ లంక నుంచి నాన్నగారికి

ఈలీ, కేంబ్రిడ్జ్‌షైర్
ఫిబ్రవరి, ఆదివారం

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోనులో మీరు అడిగినదానికి సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇరవై వేల జనాభా ఉన్న ఊరిని నగరం అనడమేమిటి, మన మండల కేంద్రాలు కూడా ఇంతకంటే పెద్దవి కదా అన్నారు. నిజమే. కానీ ఇక్కడ నగరమనడానికి తలకాయలు లెక్కపెట్టరు. బిషప్పు పీఠం ఉన్న పెద్ద చర్చి, అంటే కేథడ్రల్, ఉంటే ఆ ఊరు నగరమని పాత ఆనవాయితీ. ఈలీకి 1109లోనే బిషప్పు వచ్చాడు. నగర హోదా కాగితం మీదికి ఎక్కింది మాత్రం 1974లో. సర్కారు కొలువులో జీవితం గడిపిన మీకు ఫైలు అంతకాలం నడవడంలో వింతేమీ ఉండదు.

ఈ ఊరికి వచ్చేవాళ్లంతా కేథడ్రల్ చూసి, ఫొటోలు తీసుకుని, కేకు తిని వెళ్లిపోతారు. నేనూ మొదట్లో అంతే. ఉండగా ఉండగా తెలిసింది, ఈ ఊరి అసలు కథ చర్చిలో లేదు, చుట్టూ ఉన్న కాలువల్లో ఉంది. అందుకే ఇది అమ్మకు కాక మీకు రాస్తున్నాను. లాకుల దగ్గరా డ్రెయిన్ల గట్ల మీదా మీరు గడిపిన ఏళ్లకు ఈ ఊరు మీకే ఎక్కువ అర్థమవుతుంది.

ఇప్పుడు చుట్టూ చదునైన నల్లటి పొలాలు. దుక్కి దున్నిన చాలు దాని చివరిదాకా కనిపిస్తుంది. నాలుగు వందల ఏళ్ల క్రితం ఇదంతా ఫెన్స్ అనే చిత్తడి నేల. నీళ్లు, రెల్లు, తుంగ, బాతులు, పాముచేపలు. మధ్యలో ఎత్తు మీద ఈలీ. మన కొల్లేరు లంకలను తలుచుకోండి, సరిగ్గా అలాంటిదే. ఎత్తు అన్నానని కొండ అనుకునేరు. పాతిక మీటర్లకు కాస్త పైన, అంతే. అయినా మైళ్ల దూరం నుంచి కేథడ్రల్ ఓడలా తేలుతున్నట్టు కనిపిస్తుంది. ‘ఫెన్స్ ఓడ’ అనే ఇక్కడివాళ్లు పిలుచుకుంటారు.

స్థలపురాణం చిన్నది. ఎథెల్‌డ్రెడా అనే రాకుమారి రెండు పెళ్లిళ్లయినా సన్యాసమే కావాలని భర్తను వదిలి వచ్చి, 673లో ఇక్కడ మఠం పెట్టింది. మొదటి భర్త ఆమెకు ఇచ్చిన లంకే ఇది. తర్వాత సముద్రం దాటి దండెత్తిన డేన్స్ వచ్చి ధ్వంసం చేశారు, 970లో మళ్లీ లేచింది. ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన నార్మన్లు దేశాన్ని గెలుచుకున్నాక కూడా హెరెవర్డ్ అనేవాడు 1071 దాకా ఈ లంకలో ఉండి వాళ్ల రాజు విలియంను ఎదిరించాడు. కోట అక్కర్లేకపోయింది, బురదే కాపాడింది. లంక లొంగిన పన్నెండేళ్లకు, 1083లో, ఇప్పటి కేథడ్రల్‌కు పునాది పడింది. చుట్టుపక్కల రాయి లేదు. బార్నక్ గనుల నుంచి నీటిదారిన పడవల్లో తెచ్చారు. గనులు పీటర్‌బరో మఠానివి. వాటికి కట్టిన మూల్యం ఏడాదికి 8,000 పాముచేపలట! అప్పట్లో ఇక్కడ కౌళ్లు కూడా పాముచేపల్లోనే చెల్లించేవారు. నాణేల కంటే అవే ఎక్కువగా దొరికేవి మరి.

ఇక గోపురం సంగతి. 1322 ఫిబ్రవరిలో ఒక రాత్రి, ప్రార్థన ముగించుకుని సన్యాసులు పడకలకు వెళుతున్న వేళ, కేథడ్రల్ మధ్య గోపురం కుప్పకూలింది. భూకంపమే వచ్చిందనుకున్నారట. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆ ముందు ఏడాదే పక్కన మేరీమాత మందిరానికి పునాదులు తవ్వారు. ఆ తవ్వకంతో అడుగున నీటిమట్టం మారి నేల కదిలి ఉంటుందని అంటారు. మీరుంటే తవ్వకముందే అభ్యంతరం రాసేవారు.

అప్పుడు కట్టడాల బాధ్యత అలన్ ఆఫ్ వాల్సింగ్‌హామ్ అనే సన్యాసిది. కూలిన గోపురం నాలుగు స్తంభాల మీద నిలిచింది. వాటినే మళ్లీ లేపడమే ఎవరికైనా తోచే పని. ఆయన ఆ మొండి మోళ్లను కూడా తీయించేసి, ఇంకాస్త వెనక్కి జరిగి, గట్టి నేల చూసి ఎనిమిది స్తంభాలు వేశాడు. దాంతో నడుమ ఇరవై మీటర్లకు పైగా ఖాళీ వచ్చింది. అంత వెడల్పుకు రాతి కప్పు వేయడం సాధ్యం కాదు. అందుకని రాజుగారి వడ్రంగి విలియం హర్లీని పిలిపించారు. ఒక్కొక్కటి 63 అడుగుల పొడవైన ఎనిమిది ఓక్ దూలాలు నిలబెట్టి, దీపపు గూడు లాంటి చెక్క శిఖరం కట్టారు. అంత పొడవు మానులు దొరకడమే గగనం. వాటిని మోసుకు రావడానికి దారులూ వంతెనలూ గట్టి చేయాల్సి వచ్చిందని చెబుతారు. మొత్తం పని సుమారు 1342 దాకా సాగింది. కింద నిలబడి చూస్తే అంతా రాయే అనిపిస్తుంది. పైకి ఎక్కితే తెలుస్తుంది, రాతి పట్టీల్లా కనిపించేవి రంగు వేసిన చెక్కలని, వందల టన్నుల బరువు నడిమధ్య ఏ ఆధారమూ లేకుండా పక్క స్తంభాల నుంచి వాలిన దూలాల మీద ఆగిందని. అక్కడ దేవదూతల బొమ్మలున్న పలకలు ఉంటాయి. మాకు చూపించిన పెద్దాయన గడియ తీసి వాటిలో ఒకదాన్ని తలుపులా తెరిచాడు. వంగి చూస్తే అడుగున కుర్చీలు సర్దుతున్నవాళ్ల నడినెత్తులు కనిపించాయి. దూలం మీద చేయి వేసి చూశాను. ఎండి బిగుసుకుని ఇనుములా ఉంది, అంచుల్లో ఇంకా బాడిసె పడ్డ గుర్తులు.

పక్కనున్న మేరీమాత మందిరంలో మాత్రం మనసు చివుక్కుమంటుంది. గోడల నిండా చిన్న చిన్న విగ్రహాలు, దాదాపు దేనికీ తల లేదు. విగ్రహాలు కూడదన్న మతసంస్కరణ రోజుల్లో, 1541లో, స్వయంగా బిషప్పే కొట్టేయించాడు.

మీకు చెప్పాల్సిన అసలు ఘట్టం 1630లలో మొదలవుతుంది. బెడ్‌ఫర్డ్ ప్రభువు, ఆయనతో పాటు డబ్బు పెట్టిన మరికొందరు కలిసి చిత్తడిని ఎండగట్టి భూమి పంచుకోవాలనుకున్నారు. పని తెలిసినవాడు కావాలని వెర్మైడెన్ అనే డచ్చి ఇంజనీరును పెట్టుకున్నారు. వంకరలు తిరిగే నదిని వదిలి, 21 మైళ్లు తిన్నగా కాలువ తవ్వించాడు. 1651లో దానికి సమాంతరంగా ఇంకొకటి. ఆ తవ్వకానికి యుద్ధంలో పట్టుబడ్డ స్కాట్లండ్ ఖైదీలను కూడా దింపారు. రెండు కాలువల నడుమ నేలను వరద నిలవడానికి కావాలనే వదిలేశారు. ఇప్పటికీ చలికాలంలో పీటర్‌బరో రైలు అక్కడికి రాగానే రెండు వైపులా నీళ్లే, హంసలే.

చేపలు పట్టుకుని, రెల్లు కోసుకుని బతికేవాళ్ల సంగతి ఎవరడిగారు? వాళ్లు రాత్రిళ్లు వచ్చి గట్లు తెంపారు. వాళ్ల పక్షాన మాట్లాడినవాడు ఆలివర్ క్రామ్‌వెల్. మేనమామ ఆస్తి కలిసొచ్చి 1636లో ఈలీకి చేరి పదేళ్లు ఇక్కడే కాపురమున్నాడు. ఆ ఇల్లు ఇంకా ఉంది. మీరు కాలేజీలో చదువుకున్న ఆ క్రామ్‌వెలే, రాజు తల తీయించినవాడు. అధికారం చేతికొచ్చాక ఆయన కూడా తవ్వకం వైపే నిలిచాడు. నాకు ఆశ్చర్యం కలగలేదు, మీకూ కలగదు.

తమాషా ఏమిటంటే, నీళ్లు పోయాక నేల కుంగడం మొదలైంది. ఇది వేల ఏళ్లుగా రెల్లు కుళ్లి ఏర్పడిన మట్టి. ఎండితే కుంచించుకుపోతుంది, గాలికి లేచిపోతుంది. పీటర్‌బరో దగ్గర హోమ్ అనే చోట 1851లో నేల మట్టానికి ఒక ఇనుప స్తంభం దింపారు. ఇప్పుడది నాలుగు మీటర్లు బయటికి తేలి ఉంది. పొలాలు నదుల కంటే కిందికి దిగిపోయాయి. అందువల్ల ముందు గాలిమరలు, తర్వాత ఆవిరి యంత్రాలు, ఇప్పుడు కరెంటు మోటార్లు నీటిని ఎత్తి నదిలో పోస్తూనే ఉండాలి. వాలు చూసి కాలువ వేయడం మీ వృత్తి. ఇక్కడ వాలే తలకిందులైంది.

ఊరి మనుషులు నిదానస్తులు. గురువారం సంతలో కూరగాయలవాడు పేరు పెట్టి పిలవడానికి ఏడాది పైనే పట్టింది. పిలిచాక ఇక మరిచిపోడు. పెద్ద వీథుల్లో అంతా అందమే, కానీ సెయింట్ మేరీ చర్చి గోడ మీద ఒక ఫలకం ఉంది. తిండి గింజల ధరలు మండి 1816లో తిరగబడ్డ కూలీల్లో అయిదుగురిని ఇక్కడ ఉరి తీశారు. కేథడ్రల్ ముందు పచ్చికలో ఠీవిగా నిలబెట్టిన ఫిరంగి దగ్గర పిల్లలు ఆడుకుంటారు, ఈ ఫలకం దగ్గర ఎవరూ ఆగరు.

జూన్ ప్రయాణం ఖాయం చేసుకోండి. చెక్క గోపురానికి 170 మెట్లు, దారి ఇరుకు. మీరు ఎక్కగలరు, అమ్మ మోకాళ్లకు వద్దు. సాయంత్రం ప్రార్థనకు టికెట్టు అక్కర్లేదు కాబట్టి అమ్మ కింద కూర్చుని పిల్లల పాట వింటుంది. దగ్గర్లోని స్ట్రెతం అనే ఊళ్లో 1831 నాటి ఆవిరి యంత్రం, నీటిని తోడే దాని పెద్ద చక్రం అలాగే ఉన్నాయి. ఎప్పుడు తెరుస్తారో కనుక్కుని దానికి తగ్గట్టు తేదీ చూస్తాను. మందుల చీటీ డాక్టరు గారితో ఇంగ్లిషులో రాయించుకుని చేతిసంచిలోనే పెట్టుకోండి.

మీ పెద్దమ్మాయి