మాత్ర ఎందుకో తెలుగులో చెప్పండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

రాయదుర్గం నుంచి నమస్కారాలతో రాస్తున్నాను.

మా ఆయన నన్ను కొడతాడని పోయిన ఏడాది మా వీధిలో ఒక పుకారు లేచింది. నా ముంజేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూసి అనుకున్నారు. ఎదురింటామె ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఎందుకు పడతావక్కా, మీ అన్నోళ్లకు చెప్పు" అంది. ముప్పై ఏళ్లలో ఆ మనిషి నా మీద చెయ్యెత్తింది లేదు. గొంతెత్తడం వేరే సంగతి. ఆ మచ్చలన్నీ మిషను బల్ల అంచు తగిలి పడినవి. అంచు ముందు కూడా తగిలేది, కమిలేది కాదు. గుండె రక్తనాళంలో స్టెంటు అనే చిన్న గొట్టం పడ్డాక, రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకుంటే చిన్న దెబ్బకే ఒళ్లు కములుతుందని అప్పటికి నాకు తెలియదు, వీధికీ తెలియదు. పాపం, చెడ్డపేరు మాత్రం మా ఆయనకు వచ్చింది.

నేను జీన్స్ ప్యాంట్లు కుడతాను. మా ఊళ్లో చాలా ఇళ్లలో ఇదే పని. వయసు 54. రెండేళ్ల కిందట మిషను మీద ఉండగానే గుండెపోటు వచ్చింది. గవర్నమెంటు ఆసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజక్షన్ వేశారు. బయట కొంటే దాదాపు 40,000 రూపాయలట, మా దగ్గర పైసా తీసుకోలేదు. తర్వాత ఇంకో చోట ఎన్టీఆర్ వైద్యసేవ కింద స్టెంటు వేశారు. అవి లేకుంటే ఈ జాబు రాయడానికి నేనుండను. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, కిందివి చదివి విశ్వాసం లేని మనిషి అనుకుంటారేమోనని.

డిశ్చార్జి రోజు ఒక సంచిలో ఆరు రకాల మాత్రలు, ఇంగ్లీషు కాగితం ఒకటి చేతిలో పెట్టారు. "టైముకు వేసుకోమ్మా, ఉప్పు తగ్గించు" అంది నర్సమ్మ. నా వెనకాల ఇంకా పదిమంది నిలబడున్నారు, ఆమె మాత్రం ఏం చేస్తుంది?

రెండో నెలలో దగ్గు పట్టుకుంది. పొడిదగ్గు. గొంతులో ఎవరో ఈకతో గెలుకుతున్నట్టు ఉండేది. పగలు మిషను మీద దగ్గు వస్తే సైడు కుట్టు వంకర పోయేది, పీసులు వెనక్కి వచ్చేవి. పీసుకింత అని కూలి తీసుకునేదాన్ని, విప్పి మళ్లీ కుట్టినందుకు ఎవరిస్తారు? రాత్రి పడుకుంటే ఇంకా ఎక్కువ. గోడకానుకుని కూర్చుని తెల్లవార్లూ దగ్గేదాన్ని. మా ఆయన మిద్దె మీదికి మకాం మార్చాడు. సిరప్పులు మూడు సీసాలు తాగాను. మిరియాల కషాయం, కరక్కాయ బుగ్గన పెట్టుకోవడం, అన్నీ అయ్యాయి.

దగ్గు రెండు వారాలు దాటితే కఫం పరీక్ష చేయించాలి కదా, ఆశా అమ్మాయి వచ్చి డబ్బా ఇచ్చిపోయింది. తన పని తను సరిగ్గానే చేసింది. కానీ పొడిదగ్గుకు కఫం ఎక్కడ తెచ్చేది? పొద్దున్నే లేచి దొడ్లో నిలబడి కళ్లనీళ్లు తిరిగేదాకా దగ్గి ఏదో కాస్త ఉమ్మి ఇచ్చాను. టీబీ లేదని వచ్చింది. అయితే డబ్బా ఇంటికొచ్చిన సంగతి అందరూ చూశారు, లేదన్న సంగతి ఎవరికీ చేరలేదు. బట్ట కోసం వచ్చే ఆడవాళ్లు మా ఇంట్లో మంచినీళ్లు తాగడం మానేశారు.

అప్పుడు నేను చేసిన పని చెబుతాను, తిట్టండి. మాత్రలన్నీ ఆపేశాను. ఆరింటిలో దేనివల్లో తెలియక ఆరూ ఆపాను. మూడో రోజు నుంచి గుండె దడదడ కొట్టుకోవడం మొదలైంది, ఎనిమిదో రోజుకు దగ్గు కాస్త నెమ్మదించింది. మాత్రలే కారణమని నాకు నేనే డాక్టరునైపోయాను. నా ఖర్మకు అది సగం నిజం.

తొమ్మిదో రోజు 104 బండి వచ్చింది. అందులో ఉన్న డాక్టరమ్మకు మా కూతురి వయసు ఉంటుంది. సంచి బోర్లించి ఒక్కో స్ట్రిప్పూ తిప్పి చూసి, రామిప్రిల్ అన్నది తీసి, "ఇదమ్మా నీ టీబీ" అంది. ఆ మాత్ర మంచిదే, గుండె మీద భారం తగ్గిస్తుంది. అయితే అది ఒంట్లో అడ్డుకునే ఎంజైమే బ్రాడీకినిన్ అనే పదార్థాన్ని కూడా విరగ్గొడుతుందట. ఎంజైము ఆగితే ఆ పదార్థం పేరుకుని దగ్గు పుట్టిస్తుంది. పదిమందిలో ఒకరికి ఇలా అవుతుందని, ఆడవాళ్లకు ఇంకా ఎక్కువని చెప్పింది. స్టెంటు వేసిన డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడి దాని బదులు టెల్మిసార్టాన్ రాసింది. మూడు వారాల్లో దగ్గు పోయింది. మా ఆయన మిద్దె దిగాడు.

మిగతావి ఆపినందుకు మాత్రం బాగా చీవాట్లు పెట్టింది. స్టెంటు వేసిన కొత్తలో క్లోపిడోగ్రెల్ ఆపితే స్టెంటులోనే గడ్డ కట్టొచ్చట. గుండె వేగం తగ్గించే మెటోప్రోలాల్ ఉన్నట్టుండి ఆపితే దడ తిరగబడుతుందట. నేను ఎనిమిది రోజులు చావు పక్కన కూర్చుని జీన్స్ కుట్టాను.

ఈ మాటలు చెప్పడానికి ఆమెకు పట్టింది పది నిమిషాలు. అవి డిశ్చార్జి నాడే దొరకాల్సినవి కాదా, మంత్రి గారూ?

మా బావగారి సంగతి ఇంకా కష్టం. గుండె పంపింగ్ తగ్గిందని ఆయనకు స్పైరనోలాక్టోన్ ఇచ్చారు. కొన్ని నెలలకు రొమ్ములు వాచి నొప్పి మొదలైంది. మగవాడు ఎవరితో చెప్పుకుంటాడు? బోరు కాడ చొక్కా విప్పి స్నానం చేయడం మానేశాడు. చివరికి మా అక్క నాతో చెప్పింది, నేను డాక్టరుతో చెప్పాను. మగవాళ్లకు ఆ మందుతో ఇది వచ్చేదేనని, బదులు వేరే మందు ఉందని తేలింది.

నీరు తీసే మాత్ర సంగతి ఆడవాళ్లను అడగండి. రాయదుర్గం నుంచి అనంతపురం దాదాపు వంద కిలోమీటర్లు. ఫ్యూరోసెమైడ్ వేసుకుని బస్సెక్కితే కళ్యాణదుర్గం చేరేలోపు ఒంటికి ఆపుకోలేక ప్రాణం పోయినంత పనవుతుంది. అందుకే రివ్యూ రోజున మేమెవరమూ ఆ మాత్ర వేసుకోము, నీళ్లూ తాగము. డాక్టరు కాళ్ల వాపు చూసి డోసు పెంచుతాడు. మే నెల ఎండలో పెంచిన డోసుకు పిక్కలు పట్టేస్తాయి. నీటితో పాటు పోయే పొటాషియం ఒంట్లో ఎంతుందో చూసే పరీక్షకు మళ్లీ అదే బస్సు.

నేనడిగేది పెద్ద ఖర్చు కాదు. డిశ్చార్జి కాగితంతో పాటు తెలుగులో ఒక పేజీ ఇప్పించండి. ఏ మాత్ర ఎందుకు, దానితో ఏ ఇబ్బంది రావచ్చు, ఏది మాత్రం అడక్కుండా ఆపకూడదు, అవి ఉంటే చాలు. మా ఆశా అమ్మాయి "మాత్రలేసుకుంటున్నావా పెద్దమ్మా" అంటుంది, అందరం "ఊ" అంటాం. "వేసుకుంటే ఏమవుతోంది?" అని అడగమనండి, అప్పుడు చూడండి ఎన్ని కథలు బయటికొస్తాయో. పొటాషియం పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష రెండూ మా ఊళ్లోనే జరిగేలా చూడండి. మీరు గెలిచిన ధర్మవరంలో మగ్గాల దగ్గర కూర్చునేవాళ్లకూ ఇవే మాత్రలు, ఇదే ఇంగ్లీషు కాగితం.

ఇంకొకటి. మందుల వల్ల కలిగే ఇబ్బందులు నమోదు చేసే పథకం ఒకటి దేశంలో 2010 నుంచి ఉందట. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని చూసుకుంటుంది. డాక్టర్లే కాదు, రోగి కూడా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి చెప్పొచ్చు. నాకిది తెలిసేసరికి దగ్గూ పోయింది, మచ్చలూ అలవాటైపోయాయి. 104, 108 నంబర్లు రాసిన ప్రతి ఆసుపత్రి గోడ మీదా దీన్నీ రాయించండి. మా ఊరి గోడ వరకైతే పెయింటు డబ్బులు నేనే ఇచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక దర్జీ,
రాయదుర్గం, అనంతపురం జిల్లా