జలుబా, ఫ్లూనా?
అందరికీ నమస్కారం. కావలిలో వానలు మొదలయ్యాక మన వీధిలో దగ్గు వినిపించని ఇల్లు లేదు. జలుబు మెల్లగా వస్తుంది: గొంతు గరగర, తుమ్ములు, ముక్కు కారడం. పనులు చేసుకోగలం. ఫ్లూ అలా కాదు. పొద్దున బాగున్న మనిషి సాయంత్రానికి మంచం పడతాడు. 102 డిగ్రీల జ్వరం, వణుకు, ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు, లేవలేనంత నీరసం.

రెండూ వైరస్‌లే. దయచేసి మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ వేసుకోకండి, పని చెయ్యదు. ఫ్లూకి వేరే మందు ఉంది, అది జబ్బు లక్షణాలు కనిపించిన 48 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. అందుకే పెద్దవాళ్లు, గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లు ‘రేపు చూద్దాం’ అనుకోవద్దు. ఆయాసం వస్తే ఎవరైనా సరే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రాత్రిపూట బండి కావాలంటే మొహమాటం లేకుండా గ్రూపులో పెట్టండి.