నాకు నిద్ర తిరిగొచ్చింది, మేడం గారికీ మా వదినకీ దణ్ణం

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఇంట్లోనే జాకెట్లు కుడతాను. పోయినేడాది నా మొహం చూసి "ఏమైందమ్మా, అలా అయిపోయావు" అని అడగని వాళ్లు లేరు. అప్పుడు ఎవరికీ సరిగ్గా చెప్పలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక రాత్రి మా ఆయనకి గుండెనొప్పి వచ్చింది. విశాఖపట్నం తీసుకెళ్లి స్టెంట్ వేయించాం, దేవుడి దయ వల్ల బాగున్నారు. ఇంటికొచ్చాక నేను రాత్రంతా ఆయన ఊపిరి వింటూ పడుకునేదాన్ని. ఆయన కోలుకుని కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టారు గానీ నా నిద్ర మాత్రం తిరిగి రాలేదు. తొమ్మిదిన్నరకే మంచం ఎక్కడం, పన్నెండు, ఒంటిగంట, రెండు అని గోడ గడియారం చూస్తూ తెల్లవారడానికి ఇంకా ఎంతుందో లెక్కపెట్టుకోవడం. ఒకసారి పెళ్లి జాకెట్టుకి రెండు చేతులూ ఒకే వైపుకి కత్తిరించేశాను, వేరే ముక్క లేదు, ఆ పట్టుగుడ్డ ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. ఒక మందుల షాపులో చీటీ లేకుండానే నిద్రమాత్రలు ఇచ్చారు, నెలల తరబడి వేసుకున్నాను.

మా వదిన (మా ఆయన అక్కగారు) ఊరుకోలేదు. "పిచ్చి డాక్టరు దగ్గరికా" అని చుట్టాలు అంటున్నా వినకుండా పొద్దున్నే బస్సెక్కించి బరంపురం తీసుకెళ్లింది. అక్కడ సైకియాట్రిస్టు గారు, క్లినికల్ సైకాలజిస్ట్ మేడం ఇద్దరూ చూశారు. మేడం గంటకు పైగా అడిగారు. గురక ఉందా, రాత్రిళ్లు కాళ్లు లాగుతాయా, మూర్ఛ వచ్చిందా, నిద్ర లేకపోయినా అతిగా హుషారుగా ఉన్న రోజులున్నాయా, చచ్చిపోవాలనిపించిందా. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించారు. ఒడియా నాకు బాగానే వచ్చు, కానీ ఆ రాత్రి సంగతి చెప్పబోతే నోట తెలుగే వచ్చింది. "తెలుగులోనే చెప్పండమ్మా, నాకు అర్థమవుతుంది" అన్నారు. అప్పటిదాకా ఎవరికీ చెప్పనివన్నీ ఆవిడ ముందు చెప్పేశాను.

నిద్రలేమి తీవ్రత కొలిచే ప్రశ్నల కాగితం ఒకటుంది, ఏడు ప్రశ్నలు, మొత్తం 28 మార్కులు, ఎక్కువ వస్తే బాధ ఎక్కువని. నాకు 23 వచ్చింది. వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలకు తగ్గకుండా ఇలా సాగితే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారట. రెండు వారాలు డైరీ రాయించారు, గడియారం చూడకుండా పొద్దున్న లేచాక అంచనాగా. తీరా చూస్తే మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర ఐదు గంటలు. అంటే మంచం మీద ఉన్న సమయంలో నిద్ర నూటికి 59 వంతులే. "మొదలుపెట్టింది మీ ఆయన జబ్బు, ఇప్పుడు దాన్ని నిలబెడుతున్నది ఆ తర్వాత పడిన అలవాట్లు. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు కదా, తొందరగా పడుకుని, పగలు కునుకు తీసి ఆ నిద్ర ఆకలి పుట్టకుండా చేసుకుంటున్నారు" అన్నారు మేడం.

వైద్యం విని భయపడ్డాను. రాత్రి పన్నెండు దాకా మంచం ఎక్కకూడదు, ఐదున్నరకి లేవాల్సిందే, పగటి కునుకు లేదు. పడుకున్నాక ఇరవై నిమిషాలైనట్టు అనిపించినా నిద్ర రాకపోతే లేచి వేరే చోట కూర్చోవాలి, కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ రావాలి. ఆ రోజుల్లో స్కూటీ నడపవద్దన్నారు. మూర్ఛ ఉన్నవాళ్లకి, అతి హుషారు జబ్బు ఉన్నవాళ్లకి ఇలా నిద్ర తగ్గించడం మంచిది కాదట, అందుకే ముందు అన్ని ప్రశ్నలు. కాబట్టి దీన్ని చూసి ఎవరూ సొంతంగా మొదలుపెట్టకండి. మాత్రలు ఒక్కసారిగా ఆపలేదు, సైకియాట్రిస్టు గారే కొంచెం కొంచెంగా తగ్గించారు.

మొదటి రెండు వారాలు నరకం. పదిన్నరకే కూర్చున్నచోట తల వాలిపోయేది. అప్పుడు మా వదిన తన పని అంతా మానుకుని మా ఇంట్లో ఉండిపోయింది. హాల్లో చాప వేసి, చింతపండు ముందేసుకుని, ఇద్దరం పన్నెండు దాకా పిక్కలు తీసేవాళ్లం. నా చెయ్యి ఆగితే మోచేత్తో పొడిచేది. మా ఆయన గోడ గడియారం తీసి బీరువాలో పెట్టేశారు, గోడ మీద దాని గుండ్రటి మరక ఇంకా అలాగే ఉంది. మూడో వారంలో ఒక రాత్రి పడుకున్నదే గుర్తుంది, తర్వాత అలారమే.

డైరీలో ఆ లెక్క నూటికి 85 దాటిన ప్రతి వారం మంచం మీద ఉండే సమయానికి పావుగంట కలుపుతూ వచ్చారు, సగం సార్లు ఫోన్లోనే మాట్లాడి మాకు బస్సు ఖర్చు తప్పించారు. ఇప్పుడు పావు తక్కువ పదకొండుకి పడుకుంటున్నాను. ఏడు ప్రశ్నల కాగితం మీద పోయిన నెల 6 వచ్చింది. మధ్యలో ఒక చెడ్డ రాత్రి వస్తుంది, వస్తే మర్నాడు తొందరగా పడుకోను, అంతే.

మేడం గారూ, మీ ఓపికకి నేను ఏమిచ్చినా తక్కువే. వదినా, ఈ పోస్టు మీకు పిల్లలు చదివి వినిపిస్తారు, మీరు పక్కన కూర్చోకపోతే నేను మూడో రోజే వదిలేసేదాన్ని.

ఎక్కడికి వెళ్లాలో తెలియనివాళ్లు 14416కి ఫోన్ చేయండి, అది మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ ఫోన్ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడతారు. నా డైరీ కాగితాన్ని తెలుగులో గళ్లు గీసి రాసుకున్నాను, డాక్టరు రాయమన్న వాళ్లు ఎవరైనా ఉంటే అడగండి, ఫోటో పెడతాను.