కంట్లో వడ్లముక్కు పడితే స్టెరాయిడ్ చుక్కలా?

సంపాదకులకు నమస్కారం.

దాళ్వా కోతలు ముగిసి ధాన్యం కళ్లాలకు చేరే రోజుల్లో మా కోనసీమ పల్లెల్లో ఒక కంటికి గుడ్డ కట్టుకుని తిరిగే కూలీలు ఒకరిద్దరైనా కనిపిస్తారు. నిరుడు మా చేలో పనిచేసే ఒకతనికి ధాన్యం తూర్పారబడుతుండగా వడ్లముక్కు కంటికి గీసుకుంది. మందుల దుకాణంలో చీటీ అడగకుండానే ఇచ్చిన చుక్కలు వేసుకుంటే రెండు రోజుల్లో ఎరుపు తగ్గింది. నయమైందనుకుని మళ్లీ పనిలోకి వచ్చాడు. పదో రోజుకు నల్లగుడ్డు మీద నువ్వుగింజంత తెల్లమచ్చ, దాని అంచుల్లో దూదిపోగుల్లాంటి చారలు కనిపించాయి. పట్నంలో కంటి డాక్టరుగారు ఆ పుండును గీకి, వచ్చిన పొరను గాజుపలక మీద పెట్టి, దానిపై పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపులో చూసేసరికి బూజు పోగులు బయటపడ్డాయి. గంటగంటకూ బూజును చంపే నాటమైసిన్ చుక్కలు వేయగా కన్నయితే దక్కింది గానీ, చూపు మునుపటిలా రాలేదు. ఆ మొదటి సీసా మీద రాసి ఉన్న మందు డెక్సామెథసోన్, అంటే స్టెరాయిడ్. అది నొప్పినీ ఎరుపునూ అణచిపెడుతుంది. లోపలికి చొచ్చుకుపోతున్న బూజుకు ఎదురు నిలవాల్సిన ఒంటి కాపలానూ అణచివేస్తుంది.

ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి ఈ బూజులు మట్టిలో, ఎండుగడ్డిలో, కుళ్లే ఆకుల్లో బతికేవి. చెత్తను ఎరువుగా మార్చేదీ ఇవే కనుక వీటిని శత్రువులనడం అన్యాయం. అయితే ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్ అనేది ముగ్గుతున్న గడ్డిలోని 50 డిగ్రీల వేడిలో కూడా పెరగగలదు; 37 డిగ్రీల మన ఒంటి వేడి దానికొక లెక్క కాదు. రెండు మూడు మైక్రాన్ల దాని బీజాలను అందరమూ రోజూ పీలుస్తూనే ఉంటాం, ఊపిరితిత్తుల్లోని రక్షక కణాలు వాటిని ఎప్పటికప్పుడు మింగేస్తుంటాయి. గాయం వల్ల పైపొర చిరిగినప్పుడో, అదుపు తప్పిన చక్కెర వల్లనో స్టెరాయిడ్ల వల్లనో ఆ కాపలా సడలినప్పుడో మాత్రమే అవి కండలోకి, రక్తనాళాల్లోకి దిగుతాయి. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్‌గా మనం విన్నది ఆ దారినే ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పాకిన మ్యూకర్ జాతి బూజుల పనే. (అప్పట్లో ఉల్లిపాయ మీది నల్లపొరను అనుమానించినవారు, ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ మాత్రల వైపు చూడలేదు.)

స్టెరాయిడ్లు చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ మందులు. ఔషధ నియంత్రణ అధికారులు కోతల కాలంలోనైనా పల్లెల్లోని దుకాణాలను తనిఖీ చేయాలి. పుండును గీకి చూసే పరీక్షకు ఒక గాజుపలక, ఒక చుక్క రసాయనం, మైక్రోస్కోపు, చూడటం తెలిసిన మనిషి చాలు. డెల్టాలోని ప్రతి ఏరియా ఆసుపత్రిలోనూ ఆ మనిషినీ, నాటమైసిన్ చుక్కలనూ సార్వా కోతలు మొదలయ్యేలోగా సిద్ధంగా ఉంచాలని జిల్లా వైద్యాధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

ఇట్లు,
ఒక రైతు,
అమలాపురం దగ్గరి పల్లె